కొలనుకు కవచం, కాలువకు సమాధి

తిరుపతిలో ఈత కొలను కట్టదలచిన ప్రతి ఇంజనీరూ పని మొదలుపెట్టే ముందు శ్రీకృష్ణానగర్‌కు పోయి, ఒక సంపు లేచిన చోట టెంకాయ కొట్టి రావాలి. మూడు వందల రూపాయల టికెట్టు అక్కర్లేదు, క్యూ లేదు, లడ్డూ మాత్రం ఇవ్వరు. 2021 నవంబరు వానలు వెలిసిన తర్వాత ఆ కాలనీలో ఒక ఇల్లాలు, సిమెంటు ఒరలతో భూమిలోకి దించిన నీళ్ల సంపును కడుగుదామని లోపలికి దిగింది. ఆమె లోపల ఉండగానే సంపు నేలను చీల్చుకుని పైకి లేచింది. అదృష్టం బాగుండి ఆమె ప్రాణాలతో బయటపడింది. ఒరలు మాత్రం ఒకదాని మీద ఒకటి చెక్కు చెదరకుండా ఇంటి ఆవరణలో నిలబడిపోయాయి. చూడ్డానికి జనం వచ్చారు, టీవీలు వచ్చాయి, ఫోన్లు లేచాయి.

మనవాళ్లకు ఇట్లాంటిది దొరికితే చాలు. బ్రహ్మంగారు ముందే చెప్పినారని ఒకరు, శేషాచలం కదిలిందని ఇంకొకరు. అసలు చెప్పినాయన వేరే. సిరక్యూస్ అనే ఊళ్లో రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఆర్కిమెడిస్ చెప్పాడు. నీళ్లలో మునిగిన వస్తువు ఎన్ని నీళ్లను పక్కకు నెడుతుందో, ఆ నీళ్ల బరువంత బలంతో నీళ్లు దాన్ని పైకి నెడతాయి. ఖాళీ చెంబును బావిలో బోర్లించకుండా నిలువుగా అదిమి చూసిన పిల్లోడెవడైనా ఈ మాట నిజమంటాడు. సంపు చుట్టూ మట్టి ఉంటుందని మనం అనుకుంటాం. నాలుగు రోజుల వాన తర్వాత అక్కడ ఉండేది మట్టి రంగు వేసుకున్న నీళ్లు. సంపు నిండా నీళ్లున్నంతసేపు బరువుకు అణిగి ఉంది. కడగడానికి ఖాళీ చేశారు, అది లేచింది. ఇందులో మహిమ ఏమీ లేదు, పాఠం ఉంది. పాఠాలకు టెంకాయ కొట్టే అలవాటు మనకు లేదు కాబట్టి మహిమ అనుకున్నాం.

ఇప్పుడు ఆ సంపును కాస్త వెడల్పు చేసి, నీలం టైల్స్ అతికించి, పక్కన రెండు పడక కుర్చీలు వేస్తే దాన్ని స్విమ్మింగ్ పూల్ అంటారు. రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు, కరకంబాడి వైపు ఏ వెంచర్ బ్రోచరు తెరిచినా మొదటి పేజీలో అదే. వెనక శేషాచలం, ముందు నీలి నీళ్లు, మధ్యలో మన దేశం మనుషుల్లా కనిపించని ఒక కుటుంబం. కొత్తగా ఇప్పుడు ఇంకో మాట చేర్చారు: ఎంతటి తుపానునైనా, ఎంతటి ఎండనైనా తట్టుకునే కొలను. ఆ మధ్య ఒక కంపెనీ కుర్రాడు నాకు దాన్ని అమ్మజూపాడు. కంపెనీ పేరు వద్దు, కుర్రాడు మంచివాడు.

“సార్, మన పూల్ ఆల్ వెదర్ సార్.”

“అంటే ఏమప్పా?”

“మైనస్ డిగ్రీల్లో కూడా పైపులు పగలవు సార్. ఫ్రీజ్ గార్డ్ ఉంది.”

“తిరుపతిలో నీళ్లు గడ్డకట్టింది ఎప్పుడు నాయనా?”

“ఇంతవరకు కట్టలేదు సార్. కానీ క్లైమేట్ ఛేంజ్ కదా, చెప్పలేం.”

తప్పు అతనిది కాదు. ఆ కాగితం టెక్సాస్ నుంచి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు తుపాను వచ్చి, కరెంటు పోయి, పంపులు ఆగి, ఎన్నో ఇళ్ల కొలనుల పైపులు పగిలాయి. ఆ ఊళ్లలో కాపురం ఉన్న మన చిత్తూరు జిల్లా పిల్లలు కూడా ఆ చలికి వణికారు. వాళ్లకు అది అవసరమైన రక్షణే. దాన్ని అక్షరం మార్చకుండా తెచ్చి, మే నెలలో 43 డిగ్రీలు కాసే ఊళ్లో అమ్ముతున్నాం. సరే, ఇంకాస్త అడుగుదామని అడిగాను.

“పెద్ద వాన పడితే కొలనులో పొర్లే నీళ్లు ఎటు పోతాయి?”

“డ్రైనేజీలోకి సార్.”

“ఆ డ్రైనేజీ ఎటు పోతుంది?”

“రోడ్డు మీదికి సార్.”

“రోడ్డు మీద ఉండేవాళ్లు?”

“మనది గేటెడ్ కమ్యూనిటీ సార్. రోడ్డు మనది కాదు.”

తిరుపతి నగర నిర్మాణ శాస్త్రాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

లెక్క చూద్దాం. బెదిరిపోకండి, హైస్కూలు లెక్కే. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న మామూలు కొలను. గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందం కాంక్రీటు. అట్లాంటి కొలను ఖాళీగా ఉంటే దాని బరువు సుమారు 50 టన్నులు. నిండితే లోపలి నీళ్లు ఇంకో 75 టన్నులు. వాన కురిసి కురిసి భూగర్భజలం నేలమట్టం దాకా వచ్చిందనుకోండి, కింద నుంచి పైకి నెట్టే బలం సుమారు 95 టన్నులు. నిండు కొలను 125 టన్నులు, కదలదు. ఖాళీ కొలను 50 టన్నులు, పైకి నెట్టేది 95. మిగతాది మీ వాచ్‌మన్ చెబుతాడు, పొద్దున్నే ఫోన్ చేసి.

అయితే వానాకాలంలో కొలనును ఖాళీ చేసే మూర్ఖుడు ఎవడుంటాడంటారా? అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఉంటాడు. ఎర్రమన్ను నీళ్లు లోపలికి వచ్చి కొలను సంగటి రంగుకు తిరుగుతుంది. వెంటనే ఒకరు ఫొటో పెడతారు. ఇంకొకరు దోమలంటారు, డెంగీ అంటారు. మూడోవారు మెయింటెనెన్సు నెలకు ఎంత కడుతున్నామో గుర్తుచేస్తారు. సెక్రటరీ గారికి రోషం వచ్చి, మోటరు పెట్టి మొత్తం లాగేయమంటారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెడతారు. చప్పట్లు కొట్టిన ఆ రాత్రే కింద నీళ్లు తమ పని మొదలుపెడతాయి. అమెరికాలో తుపాన్లకు పుట్టినిల్లయిన ఫ్లోరిడాలో, హరికేన్ హెచ్చరిక రాగానే కొలనుల పనివాళ్లు చెప్పే మొదటి మాట ఒకటే: ఖాళీ చేయొద్దు, కరెంటు తీసెయ్యండి. మన దగ్గర సరిగ్గా తిరగేసి చేస్తాం. కొలను ఖాళీ చేస్తాం, రంగు లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి.

దీనికి మందు లేదా అంటే ఉంది, చాలా చవకైన మందు. కొలను అడుగున ఒక చిన్న వాల్వు పెడతారు. బయటి నీళ్ల ఒత్తిడి లోపలి నీళ్లను మించితే అది తెరుచుకుని, కాసిని నీళ్లను కొలనులోకి రానిస్తుంది. ఒత్తిడి సమానమై కొలను చోటు వదలకుండా ఉంటుంది. అడుగు పలక కింద కంకర పరిచి, చిల్లుల పైపు వేసి, పక్కనే ఒక చిన్న బావిలోకి తీసి, అక్కడి నుంచి తోడేస్తే ఇంకా మంచిది. అడుగు పలకను గోడల కంటే అరడుగు బయటికి జరిపితే పైనున్న మట్టి బరువు కూడా దాన్ని పట్టి ఉంచుతుంది. నీళ్లు నిలిపే కాంక్రీటు కట్టడాలకు ఐఎస్ 3370 అని మన దేశపు ప్రమాణమే ఉంది. టైల్స్ ఖర్చు ముందు ఆ వాల్వు ధర లెక్కలోకి రాదు. ఇంత చెప్పి వాల్వు పెట్టిస్తే ఏమవుతుందో తెలుసా? వాన పడిన రోజు దాంట్లోంచి కొంచెం మురికి నీళ్లు లోపలికి వస్తాయి. రావాలనే కదా పెట్టింది. మెయింటెనెన్సు కుర్రాడు చూసి, లీకేజీ అనుకుని, ఎంసీల్ ముద్ద పెట్టి మూసేస్తాడు. అసోసియేషన్ అతనికి దసరా మామూలు ఇస్తుంది.

ఇక ఇన్ఫినిటీ పూల్ అనే అద్భుతం. కొలను అంచు కనబడకుండా నీళ్లు ఒక వైపు పొర్లిపోతున్నట్టు ఉంటుంది. నిజానికి అవి ఎక్కడికీ పోవు, కింద ఒక తొట్టిలో పడతాయి, పంపు వాటిని మళ్లీ పైకి తెస్తుంది. చెరువు మొరవ, అంటే అలుగు, పారుతున్నట్టు నటించడం. మా సీమలో పిల్లలు కూడా చెరువు మొరవ పోతాందంటే పరిగెత్తుకుంటూ పోయి చూసేవాళ్లు, ఎందుకంటే ఆ నీళ్లు నిజంగా ఇంకో చెరువుకు పోయేవి. ఈ కొలనులో మొరవ అందానికి ఉంది, అవసరానికి లేదు. పది సెంటీమీటర్ల వాన పడితే కొలనులో పెరిగేది పది సెంటీమీటర్లే, దానికి కాస్త ఖాళీ వదిలితే చాలు. ప్రమాదమంతా చుట్టుపక్కల నుంచి వచ్చే నీళ్లతో. లాను వాలు కొలను వైపు, డెక్కు వాలు కొలను వైపు, పార్కింగు వాలు కూడా కొలను వైపే. ఎందుకంటే ఫొటోలో అట్లాగే బాగుంటుంది. పంపు గదిని భూమి కింద కడతారు, కంటికి కనపడకుండా. మొదటి వానకే అది నిండుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ ఉంటే అదృష్టం. లేకపోతే కొలను పక్కన నిలబడినవాళ్లు ఆల్ వెదర్ అనే మాటకు అర్థం ఆస్పత్రిలో తెలుసుకుంటారు.

తుపానుల సంగతి ఇట్లా ఉంటే ఎండాకాలం కథ ఇంకోటి. చిత్తూరు పడమటి మండలాల రైతుకు ఈ కథ చెప్పనక్కర్లేదు. వెయ్యి అడుగులు దాటి బోరు వేసి, బండరాతి దుమ్ము చూసి, అప్పు పత్రంతో ఇంటికి తిరిగిన వాళ్లు ఊరూరా ఉన్నారు. హంద్రీ-నీవా నీళ్లు కుప్పం చేరడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది. ముఖ్యమంత్రి వచ్చి హారతి ఇచ్చారు. నీళ్లకు హారతి ఇచ్చే పరిస్థితి ఉన్న జిల్లాలో, నీళ్లను ఎండలో పరిచి పెట్టే సౌకర్యం పేరు స్విమ్మింగ్ పూల్. వేసవిలో తెరిచిన నీటి మీద రోజుకు ఏడు మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుందాం. మన ఎండకు అది మర్యాదగా వేసిన లెక్కే. రెండు వందల చదరపు మీటర్ల క్లబ్ హౌస్ కొలనులో రోజుకు 1,400 లీటర్లు ఆకాశానికి పోతాయి. జల్ జీవన్ మిషన్ పల్లెటూరి మనిషికి రోజుకు 55 లీటర్లు చాలన్నది. అంటే పాతికమంది రోజూ తాగి, వండుకుని, స్నానం చేసే నీళ్లను ఒక కొలను ఎవరూ దిగకుండానే తాగేస్తుంది. నెలకు 42 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిదికి పైమాటే. ఎవరూ దిగకుండా అని ఎందుకన్నానంటే, మే నెల మధ్యాహ్నం ఆ నీళ్లలో దిగేవాడుండడు. మనిషి దిగే వేళకు నీళ్లు ఉడుకునీళ్లు, టైల్స్ మీద కాలు పెడితే అట్టు కాలినట్టు.

దీనికీ మందుంది. రాత్రిళ్లు కొలను మీద ఒక కవరు కప్పితే, కప్పినంతసేపు ఆవిరి దాదాపు ఆగిపోతుంది. పైన నీడ పందిరి వేయొచ్చు, గాలి తగలకుండా ఒక వైపు చెట్లు పెంచొచ్చు. క్లోరిన్‌కు తోడు సైనూరిక్ ఆమ్లం తగిన పాళ్లలో కలపకపోతే, పొద్దున పోసిన క్లోరిన్‌లో ఎక్కువ భాగాన్ని ఎండ మధ్యాహ్నానికే తినేస్తుంది. సాయంత్రానికి పాచి మొలకెత్తుతుంది. బోరు నీళ్లు చౌడు నీళ్లయితే తెల్లటి సున్నం టైల్స్‌ను పట్టుకుని వదలదు. ఇవన్నీ చేస్తే కొలను బతుకుతుంది. కానీ పందిరి వేస్తే శేషాచలం కనపడదు, కవరు కప్పితే డ్రోను ఫొటోలో నీలం రాదు, చెట్లు పెంచితే ఆకులు రాలతాయి. అందుకని ట్యాంకరు తెప్పిస్తాం. వాడు యాడ నుంచి తెస్తాడో అడగం. పక్క పల్లెలో ఎవరి బోరు ఎందుకు ఎండిందో కూడా అడగం.

ఇంకో చిన్న విషయం, పనికొచ్చేది కాబట్టి చెబుతున్నా. మే నెలలో కొలను ఖాళీ చేస్తే ఎండకు టైల్స్ లేస్తాయి. నవంబరులో ఖాళీ చేస్తే కొలనే లేస్తుంది. మరి ఎప్పుడు కడగాలి? కొండమీద చూడండి. తిరుమల స్వామి పుష్కరిణిని బ్రహ్మోత్సవాలకు ముందు, ఆగస్టు ప్రాంతంలో నెల రోజులు మూస్తారు. పది రోజులు నీళ్లు తీయడం, పది రోజులు మరమ్మతులు, పది రోజులు నింపడం. నీటి పీహెచ్ 7 దగ్గర ఉండేలా చూడటం. ఆ నెల పుష్కరిణి హారతి ఉండదు. ముహూర్తం ఉత్సవానిదే కావచ్చు, లెక్క మాత్రం ఇంజనీరుదే. నైరుతి వానలు మనకూ పడతాయి. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం నుంచి వచ్చేవే మనల్ని ముంచే వానలు. 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్, 2024 నవంబరు ఆఖరున ఫెంగల్, అన్నీ ఈ మూడు నెలల్లోనే. తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాలలో పద్మసరోవరంలో పంచమి తీర్థం కూడా అప్పుడే. ఆ వాన నెలల్లోనే, ఒక్క పొద్దున, లెక్కలేనంత మంది ఆ కోనేటిలో మునిగి లేస్తారు.

పాత కోనేళ్లను చూసి మురిసిపోయే కుర్రాళ్ల గుంపులో నన్ను కలపొద్దు. 2021 నవంబరులో కపిలతీర్థం జలపాతం విరుచుకుపడినప్పుడు అక్కడి రాతి మండపం కూడా దెబ్బతింది. శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మళ్లీ తెరుచుకోవడానికి 2022 మే దాకా పట్టింది. రాయి అయినంత మాత్రాన నీళ్లు భయపడవు. కానీ పాత కోనేరు పైకి లేచిందని ఎవరైనా విన్నారా? లేవదు, ఎందుకంటే దానికి బిగించిన చిప్ప లేదు. రాతి మెట్లు వాలుగా పేర్చి ఉంటాయి, సందుల్లోంచి నీళ్లు లోపలికీ బయటికీ పోతుంటాయి, ఒత్తిడి పోగుపడదు. వాన వస్తే నాలుగు మెట్లు మునుగుతాయి, ఎండ వస్తే నాలుగు మెట్లు తేలతాయి. ఎండాకాలంలో మట్టం తగ్గడం అవమానమని ఎవరూ అనుకోలేదు. ఏడాది పొడుగునా ఒకే గీత దగ్గర నీళ్లు నిలవాలనే పట్టుదల బ్రోచరుతో వచ్చిన జబ్బు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. కొలను కింద నీళ్లు ఎందుకొస్తున్నాయి? ఆకాశంలోంచి అని చెప్పి తప్పించుకోవడానికి లేదు. శేషాచలం మీద పడిన వాన కపిలతీర్థం గుండా, మాల్వాడి గుండం గుండా దిగి, ఊరి మీదుగా స్వర్ణముఖికి పోవాలి. దారిలో దాన్ని ఆపి, కాస్త నిలబెట్టి, నెమ్మదిగా పంపడానికి చెరువులు, కుంటలు, వంకలు ఉండేవి. వాటిని ఏం చేశామో ఊరి పటం చూస్తే తెలుస్తుంది. కొరమేనుగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట. ఇప్పుడు వాటిలో ఎక్కడైనా వల వేసి చూడండి, చేప పడితే నాకు చెప్పండి. ప్రతి చోటా వీధి ఉంది, డోరు నంబరు ఉంది, కరెంటు మీటరు ఉంది, పన్ను రసీదు ఉంది. నీళ్ల దగ్గర మాత్రం పాత చిరునామాయే ఉంది. 2021 నవంబరులో అవి ఆ చిరునామాకే వచ్చాయి. గొల్లవానిగుంటలో, ఆటోనగర్‌లో, లక్ష్మీపురం సర్కిల్‌లో నడుములోతు నీళ్లు చూసి జనం ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోవాల్సింది నీళ్లు.

తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున కట్టిన ఒక మేడ, కెమెరాలు చూస్తుండగా, నదిలోకి ఒరిగిపోయింది. ఇసుక తవ్వుకోవడానికి నదిని ఎండాకాలమంతా వాడుకున్నాం, వానాకాలం నది మనల్ని వాడుకుంది. అటు చిత్తూరులో నీవా అనే నది ఒకటుందని ఏళ్ల తరబడి చాలామంది మరిచేపోయారు. అది మురుగు కాలువ అనుకుని, దాని ఒడిలోకే ఇళ్లు జరుపుకుంటూ వచ్చారు. అదే నవంబరులో అది తన పేరు తానే చెప్పుకుంది. రామచంద్రాపురం మండలంలో రాయల చెరువు కట్టకు ఊట పడితే కింది పల్లెలను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలతో యంత్రాంగమంతా రాత్రింబవళ్లు కాపలా కాసింది. రాయల కాలం నుంచి ఉన్నదని చెప్పుకునే ఆ కట్ట ఆ గండాన్ని దాటింది. మన వెంచర్లకు గండి కొట్టడానికి కట్టలే లేవు, కట్టలు చదును చేసే కదా ప్లాట్లు వేసింది.

ఒక చోట నవ్వు ఆపాలి. ఆ పెద్ద వరదకు ఒక నెల ముందు, 2021 అక్టోబరులో, ఊరి మధ్యలో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి. రాత్రి పూట కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన వాహనం అందులో చిక్కుకుంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి చనిపోయింది. కొండమీదికి పోయే దారిలో, దీపాలు వెలిగే ఊళ్లో, రోడ్డు మీద మునిగి చనిపోయింది. ఈత కొలనులో పిల్లల కోసం లోతు అంకెలు రాస్తాం, 3 అడుగులు, 4 అడుగులు అని. కంచె కడతాం, లైఫ్‌గార్డును పెడతాం. ఏటా నిండే అండర్ బ్రిడ్జికి ఆ రాత్రి ఆమాత్రం కాపలా కూడా లేదు.

కాబట్టి ఈ తీవ్ర వాతావరణాన్ని తట్టుకునే కొలను అనే మాటను ఊరి లెక్కలో పెట్టి చదవండి. మీ యాభై టన్నుల చిప్ప లేవకుండా ఉండాలంటే దాని కింద నీళ్లు పోయే దారి ఉండాలి. ఆ నీళ్లు మీ గేటు దాటాక కూడా దారి ఉండాలి. గేటు లోపల కంకర పరిచి, చిల్లుల పైపు వేసి, పంపు పెట్టి, ఆ నీళ్లను బయటి రోడ్డు మీదికి తోసేసే డిజైను కొలనును కాపాడుతుంది, పక్క పేటను ముంచుతుంది. దీన్ని ఆల్ వెదర్ అనకూడదు, ఆల్ నైబర్ అనాలి. అసలు విచిత్రం ఏమిటంటే, కొలను కోసం మనం లక్షలు పోసి కొనుక్కునే ప్రతి ఉపాయమూ ఊరికి ఒకప్పుడు ఊరికే ఉండింది. ఒత్తిడి తగ్గించే వాల్వు స్థానంలో కుంట, సర్జ్ ట్యాంకు స్థానంలో చెరువు, ఓవర్‌ఫ్లో పైపు స్థానంలో మొరవ. వాల్వు తిప్పే మనిషి కూడా ఉండేవాడు, నీరుగంటి అని, తూము ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో అతనికి తెలుసు. కుంట పూడ్చి ఇల్లు కట్టాం, ఇంట్లో కొలను తవ్వాం, కొలనులో వాల్వు పెట్టాం, వాల్వును ఎంసీల్‌తో మూశాం. ప్రగతికి ఇంతకంటే నిలువెత్తు సాక్ష్యం కావాలంటే శ్రీకృష్ణానగర్ సంపు ఫొటో ఒకటి సరిపోతుంది.

పాలకులను ఒక్క మాట అడగాలి. పెద్దది అడగను. చెరువులన్నీ తవ్వించమని అడిగితే మీరు వెంటనే శంకుస్థాపన చేస్తారు, అది నాకు తెలుసు. ఆ శిలాఫలకం వరదలో కొట్టుకుపోకుండా దానికి ఇంకో డిజైను కావాలి. పట్టణాభివృద్ధి సంస్థ తుడా గానీ, నగరపాలక సంస్థ గానీ క్లబ్ హౌస్ ప్లాను పాసు చేసేటప్పుడు ఒక్క గీత అదనంగా అడగండి. ఈ స్థలంలో పడిన వాన, ఈ కొలనులోంచి పొర్లిన నీళ్లు, కింద నుంచి తోడిన నీళ్లు ఏ కాలువలో కలుస్తాయి, ఆ కాలువ ఏ చెరువుకో ఏ నదికో ఎట్లా చేరుతుంది, పటం మీద గీసి చూపించమనండి. గీత మధ్యలో తెగిపోతే సంతకం పెట్టొద్దు. భూగర్భజలం వానాకాలంలో ఎంత పైకి వస్తుందో కొలిచి రాయమనండి, మే నెలలో కొలిచింది ఒప్పుకోవద్దు. ఇన్ఫినిటీ అనే మాటకు మాత్రం అనుమతి ఇవ్వండి, దానికి ఫీజు పెంచినా ఫరవాలేదు.

ప్లాటు కొనబోయే మీకు చివరగా ఒక పని. బ్రోచరు పక్కన పెట్టి, సర్వే నంబరు అడగండి. ఆ నంబరుకు ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పటం, తీయించండి, పాత రికార్డులో ఆ భూమి, దాని చుట్టుపక్కల నంబర్లు ఏ పేరుతో ఉన్నాయో చూడండి. చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, వాగు, కుంట, ఈ నాలుగు మాటల్లో ఏదైనా కనబడితే అక్కడ ఏ కాంక్రీటూ మిమ్మల్ని కాపాడదు, ఏ వాల్వూ కాపాడదు. రికార్డు అడగ్గానే అమ్మేవాడి మొహం మారితే, కొలను సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు అడ్వాన్సు వెనక్కి తీసుకోండి.